ముట్టుకోవచ్చు

ఈ గ్యాలరీలో ఏ గదిలోనైనా నా మాట ఒక్కటే:
దయచేసి ముట్టుకోకండి.
మూడో గదిలో మాత్రం నాకు నోటితో పని లేదు.
అక్కడ గోడ మీదే రాసుంది, ముట్టుకోవచ్చని.

నెరిడా అనే అమ్మాయి చేసిన కళాఖండం అది.
చేసిందీ అంటే, నిజం జూదం మిషనే,
వొలాంగాంగ్‌లో మూతబడ్డ ఓ క్లబ్బులోంచి పట్టుకొచ్చింది.
ముందు ఎత్తు కుర్చీ. కుర్చీ వీపుకి వాళ్ళమ్మ నీలం స్వెట్టరు,
మోచేతుల దగ్గర అరిగి, దారం దారంగా.
కింద ఆ క్లబ్బు తివాచీయే, ఎరుపూ ఊదా సుడులు,
కాఫీ ఒలికినా కన్నీళ్ళొలికినా మరక కనపడని రకం.

తెర మీద చెర్రీపళ్ళు లేవు, గంటలు లేవు.
తిరిగేవి ఆ ఇంట్లోంచి పోయిన సామాన్లు:
స్కూలు బూట్ల జత, గడ్డి కోసే మిషను,
పళ్ళ డాక్టరు కోసం చిల్లర దాచిన బిస్కెట్ల డబ్బా,
ఓ పియానో. అది అద్దెదట, అయినా పోయింది.
బొత్తాం నొక్కితే చక్రాలు తిరుగుతాయి, మువ్వలు మోగుతాయి,
మూడూ ఒక్కటై ఎన్నడూ ఆగవు.
ఆ సంగతీ గోడ మీదే రాసింది, బారెడు అక్షరాలతో:
ఇది ఎవరినీ గెలిపించదు.

చదువుతారు. తలూపుతారు. నొక్కుతారు.
రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ తొమ్మిదిసార్లు.
పత్రికాయన ఎడంచేత్తో నోట్సు రాసుకుంటూ
కుడిచేత్తో ఆపకుండా.
పిల్లాడొకడు, వాళ్ళ టీచరు చొక్కా పట్టి లాగేదాకా.
నేను లెక్కపెడతాను. పెట్టమని ఎవరూ చెప్పలేదు.
మొన్న శనివారం పన్నెండొందల నలభై.

మొదటిరోజు వరస చూసి నెరిడా
'మా అమ్మ పిచ్చిది కాదు, చూశారా' అంది.
ఎవరితో అందో తెలీదు. దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను.

నా పేరు బ్లగోయా.
పోర్ట్ కెంబ్లా ఉక్కు కొలిమిలో ఇరవై రెండేళ్ళు.
రాత్రి షిఫ్టు దిగేసరికి తెల్లారి ఆరు,
ఆ వేళకి ఊళ్ళో రెండే తలుపులు తెరిచుండేవి.
చర్చిలో గోడగడియారం ఉండేది.
క్లబ్బులో లేదు.

మా ఆవిడ స్నెజాన కుట్టుమిషను రిపేరుకిచ్చానన్నాను.
ఎనిమిది నెలలు రిపేరైంది ఆ మిషను.
తర్వాత ఆమె అడగడం మానేసింది.
చెప్పడానికి సిగ్గే గానీ,
ఆ మానేయడం నాకు గెలుపులా అనిపించింది.

పోయిన చోటే వెతుక్కోవాలంటారు పెద్దవాళ్ళు.
వెతికాను.
జీతం పోయిన చోట మిషను కోసం,
మిషను పోయిన చోట స్నెజాన కోసం,
అదే కుర్చీలో కూర్చుని, కుర్చీ నా ఒంటి వేడి మరవకముందే.

క్లబ్బు వాళ్ళు చెడ్డవాళ్ళని నేననను.
పుట్టినరోజుకి కార్డు పంపేవాళ్ళు, మాంసం ముక్కతో భోజనం ఉచితం.
మావాడి ఫుట్‌బాల్ చొక్కా మీద వీపు నిండా క్లబ్బు పేరు,
వాడు గోల్ కొడితే ఆ పేరే పరుగెత్తేది.
ఆ అక్షరాలు కుట్టిన డబ్బు ఎక్కడిదో
నాకు తెలుసు, వాడికి తెలీదు,
ఇప్పటికి తెలిసే ఉంటుంది. ఫోన్ చెయ్యడు.

పదకొండేళ్ళయింది నేను బొత్తాం ముట్టి.

ఇవాళ సాయంత్రం ఐదు. జనం వెళ్ళిపోయారు.
దీపాలార్పడం నా డ్యూటీ.
మూడో గదిలో ఆ మిషను ఒక్కటే వెలుగుతోంది,
ఇంట్లో ఎవరో మెలకువగా ఉన్నట్టు.

కుర్చీలో కూర్చోలేదు, స్వెట్టరుంది కదా.
నిలబడే.
బిస్కెట్ల డబ్బా. బిస్కెట్ల డబ్బా.
మూడోది కూడా డబ్బాయే, వచ్చి, గీత మీద ఊగి,
వెంట్రుకవాసిలో కిందికి జారింది.
చేతికందింది, నోటికందలేదు.
జారుతుందని తెలుసు.
ఆ గోడ రాత మీద దుమ్ము రోజూ తుడిచేది నేనే.

ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

కింది నుంచి లూపె కేకేసింది, తాళాలు తెమ్మని.
వస్తున్నా,
ఇదొక్కటే, అన్నాను.